విషయం: మీ సర్వరు కేంద్రంలో చొరబాటుపై నా ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడం గురించి

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మా సంస్థ నెట్‌వర్క్ బాధ్యత నాది. ఏళ్ల తరబడి మా డేటా మీ దగ్గరే దాచుకుంటున్నాం. మీ సర్వరు కేంద్రాల్లో ఒకదానిలోకి ఎవరో చొరబడ్డారని మీరే మెయిల్ పంపారు. ఆ చొరబాటు జరిగినందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. ఎంత జాగ్రత్తపడినా ఇలాంటివి జరుగుతాయని ఈ పనిలో ఉన్నవాడిగా నాకు తెలుసు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా మీవాళ్లు నన్ను విభాగం తర్వాత విభాగానికి తిప్పారు. అందుకే రాస్తున్నాను.

"మీ డేటా ముక్కలుగా వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఆందోళన అవసరం లేదు" అని ఆ మెయిల్ చివర రాశారు. ఆందోళన అవసరమో కాదో తేల్చుకోవడానికే నేను అడిగాను: ముక్కలు చేసే ముందు డేటాను ఎన్‌క్రిప్ట్ చేశారా, అంటే ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చారా? చేసి ఉంటే దాన్ని తిరిగి విప్పే కీ ఎక్కడ ఉంది?

చాట్‌లో పలికిన మొదటి వ్యక్తి ప్రశ్న పూర్తిగా చదవకుండానే పాస్‌వర్డు మార్చుకోమన్నారు. మార్చుకున్నాను. బ్రౌజరు క్యాష్ తుడిచి మళ్లీ లాగిన్ అవమన్నారు. నా లాగిన్‌కు ఏ ఇబ్బందీ లేదని, అడుగుతున్నది మీ సర్వరు గురించని రాశాను. "సమస్య కనిపించేలా స్క్రీన్‌షాట్ పంపండి" అన్నారు. మీ కేంద్రంలో జరిగిన చొరబాటుకు నా తెర మీద స్క్రీన్‌షాట్ ఎలా వస్తుంది? ఆ మాటే అడిగాను. చాలాసేపు అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. తర్వాత "మీ నుంచి స్పందన లేనందున సంభాషణ ముగిస్తున్నాం" అన్న వాక్యం కనిపించి చాట్ మూసుకుపోయింది. స్పందించనిది నేనా?

ఫోను చేస్తే సాంకేతిక విభాగాన్ని అడగమన్నారు. వాళ్లు అది భద్రతా విభాగం పని అన్నారు. భద్రతా విభాగంతో ఖాతాదారులు నేరుగా మాట్లాడే వీల్లేదట, టికెట్ పెట్టాలట, అంటే ఫిర్యాదు నమోదు చేయాలట. పెట్టాను. అది బిల్లుల విభాగానికి వెళ్లింది. అక్కడి ఆవిడ మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట చెప్పి తీరాలి. కానీ ఆవిడకు కనిపించేది నా బకాయిల పట్టిక ఒక్కటే. బకాయిలేమీ లేవని చెప్పి పెట్టేశారు. ఒకరు రాసుకున్నది ఇంకొకరికి కనిపించదు కాబట్టి ఎవరు ఫోనెత్తినా కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి పై అధికారితో మాట్లాడిస్తామని లైనులో ఎంతోసేపు ఉంచారు. ఆయన వచ్చి మీ ప్రచార పత్రంలోని వాక్యాన్నే చదివి వినిపించారు: "10 ముక్కల్లో కనీసం 6 దొరికితే తప్ప మీ ఫైలు ఎవరి చేతికీ చిక్కదు." అది నష్టాన్ని పూడ్చుకునే కోడింగా, రహస్యాన్ని కాపాడే విభజనా అని అడిగితే "రెండూ ఒకటేనండీ" అన్నారు.

రెండూ ఒకటి కావు. భద్రతను అమ్ముతున్న సంస్థలో పై అధికారికి ఆ తేడా తెలియకపోవడం నన్ను నిజంగా భయపెట్టింది. గణితవేత్తలు రీడ్, సాలమన్ 1960లో ప్రచురించిన కోడింగ్ పద్ధతి పోయిన డేటాను తిరిగి రాబట్టడానికి ఉపయోగపడుతుంది. దాన్ని సాధారణంగా అమర్చే తీరులో మొదటి 6 ముక్కలు అసలు డేటాయే, మిగిలిన 4 దాని నుంచి లెక్కగట్టిన అదనపు ముక్కలు. నాలుగు సర్వర్లు పాడైనా ఫైలు దక్కుతుంది, నిజమే. కానీ ముందుగా ఎన్‌క్రిప్ట్ చేయకపోతే, ఆ ఆరింటిలో ఒక్క ముక్క దొరికినవాడు కూడా అందులో ఉన్నంత మేర హాయిగా చదువుకుంటాడు. గుప్తలిపి శాస్త్రవేత్త ఆది షమీర్ 1979లో చెప్పిన రహస్య విభజన వేరు. అందులో నిర్ణీత సంఖ్య కంటే ఒక్క ముక్క తగ్గినా అసలు రహస్యం గురించి ఏమీ తెలియదు. అయితే ప్రతి ముక్కా అసలు రహస్యమంత పెద్దది. అందువల్ల పెద్ద ఫైళ్లను ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత కోడింగ్‌తో పంచి, కీని మాత్రం షమీర్ పద్ధతిలో విడగొట్టవచ్చు. మీరు చేస్తున్నది అదేనా? లేక కీలన్నీ ఒకే నిర్వహణ సర్వరులో ఉన్నాయా? ఉంటే దొంగకు ఆరు చోట్లకు వెళ్లే పని తగ్గిపోతుంది.

ఇంకొకటి. ఈసారి పోయిన ముక్క దొంగ దగ్గర ఉండిపోతుంది. మీరు ఆ సర్వరును తీసేసి కొత్తది పెట్టినా పాత ముక్క చెల్లకుండా పోదు. తాజా కీతో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి కొత్తగా పంచకపోతే, ఇంకో చొరబాటులో ఇంకో ముక్క దాని పక్కన చేరుతుంది. ఇది కూడా టికెట్‌లో వివరంగా రాశాను. నిన్న తెరిచి చూస్తే దాని మీద పచ్చరంగులో "పరిష్కారమైంది" అని ఉంది. జవాబు ఉండాల్సిన గడి ఖాళీ. ఆ వెంటనే, మా సేవ ఎలా ఉందో నక్షత్రాలతో తెలపండి అని మెయిల్ వచ్చింది. నాకు అంతగా మండిన క్షణం ఈ వ్యవహారం మొత్తంలో ఇంకొకటి లేదు.

మీరు ధరలు పెంచినప్పుడు మేము వెళ్లిపోలేదు. మీ సేవ రోజంతా ఆగిపోయినప్పుడు కూడా, కోలుకుంటారులే అని మా యాజమాన్యానికి నచ్చజెప్పింది నేనే. నా మాట మీద మీ దగ్గర చేరిన సంస్థలు ఉన్నాయి. ఇప్పుడు వాళ్లు నన్ను అడుగుతున్నారు. మమ్మల్ని నమ్మి తమ వివరాలు ఇచ్చిన జనం అడుగుతున్నారు. "ఆందోళన అవసరం లేదు" అన్న మీ వాక్యాన్ని వాళ్లకు నేను చదివి వినిపించలేను. వాళ్ల ముందు నిలబడాల్సింది మీ చాట్ విభాగం కాదు, నేను.

విషయం తెలిసిన ఇంజినీరు ఎవరైనా తన పేరు, హోదాతో నాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. మా ముక్కల్లో ఏవి బయటికి పోయాయి, కీలు ఎక్కడ ఉన్నాయి, కొత్త కీతో మళ్లీ పంచారా లేదా అన్నవి అందులో ఉండాలి. ఈ వారం దాటితే ఖాతా మూసేస్తాను. మా డేటాను అన్ని కేంద్రాల నుంచీ తుడిచేశారని ధ్రువపత్రం కోరతాను. చాట్ ప్రతులు, టికెట్ నకళ్లు అన్నీ జతచేసి డేటా రక్షణ అధికారులకు, వినియోగదారుల న్యాయస్థానానికి ఫిర్యాదు చేస్తాను. నా మాట విని మీ దగ్గర చేరిన సంస్థలన్నిటికీ ఈ ఉత్తరం నకలు పంపుతున్నాను. దయచేసి దీన్ని మళ్లీ బిల్లుల విభాగానికి పంపకండి.

ఇట్లు,
మీ ఖాతాదారు