రాతిపువ్వు పొడిని ముందు పరీక్షకు పంపించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతిలో మూలికలు, మసాలా దినుసులు అమ్ముకునేవాణ్ణి. బిర్యానీలోకి వేసే రాతిపువ్వు మా అంగడిలో ఎప్పుడూ ఉండేదే. ఈమధ్య మోకాళ్ల నొప్పులవాళ్లు వచ్చి అడుగుతున్నారు, "పొడి కొట్టించుకుని పరగడుపున తాగొచ్చా అన్నా?" అని. ఫోన్లో చూశారంట. కొందరైతే "వాపులకు దివ్యౌషధం" అని చీటీ అంటించి డబ్బాల్లో అమ్మేస్తున్నారు.

ఇందులో అసలు విషయమే లేదని నేననను. రాతిపువ్వు శిలీంధ్రం, శైవలం కలిసి బతికే లైకెన్. ఆయుర్వేదంలో దీన్నే శైలేయం అంటారు. లైకెన్ల రసాయనాల మీద రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి గారు వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడే పరిశోధన చేశారు, అది 1940ల నాటి మాట. కొన్ని లైకెన్లలో ఉండే ఉస్నిక్ ఆమ్లం ఎలుకల పాదాల వాపును తగ్గించింది. ఇంకొన్ని లైకెన్ పదార్థాలు, మనం వేసుకునే నొప్పి మాత్రల్లాగే, వాపు పుట్టించే ఎంజైములను అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. కానీ ఎలుక వేరు, మా అంగడికొచ్చే పెద్దమ్మ వేరు.

ఆ ఉస్నిక్ ఆమ్లమే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అది కలిపిన బరువు తగ్గే మాత్ర వాడొద్దని అమెరికాలో ఆహారం, మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2001లోనే హెచ్చరించింది. బిర్యానీలో రెండు రేకులు వేస్తే ఏమీ కాదు. రోజూ చెంచాడు పొడి మింగడం వేరే సంగతి.

పైగా ఆ పొడిలో ఏముందో ఎవరు చూశారు? హిమాలయాల వైపు నుంచి వచ్చే మూట విప్పితే పైన బూడిద రంగు, అడుగున నలుపున్న రేకులతోపాటు బెరడు ముక్కలు, నాచు, గడ్డంలా వేలాడే వేరే లైకెన్లూ కనిపిస్తాయి. మూటలో ఉన్నప్పుడు ఏరి పారేయొచ్చు, పొడి కొట్టాక ఏం ఏరుతాం? లైకెన్‌కు వేర్లుండవు, గాలిలోంచే అన్నీ పీల్చుకుంటుంది, సీసంతో సహా.

అందుకే అడుగుతున్నా. ఈ డబ్బాల నమూనాలు తీయించి ఉస్నిక్ ఆమ్లానికీ సీసానికీ పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా ఆ చీటీలు తీయించండి. ఎస్వీ విశ్వవిద్యాలయం, టీటీడీ ఆయుర్వేద కళాశాల రెండూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. మనుషుల మీద పద్ధతిగా పరీక్షించే పని వాళ్లిద్దరికీ కలిపి అప్పగించి, డబ్బులివ్వండి. నిజంగా పనిచేస్తే అమ్మడానికి నాకేం అభ్యంతరం?

మొదటి నమూనా మా అంగడిలోనే తీసుకోండి. డబ్బులు అడగను.

ఇట్లు,
ఒక మూలికల వ్యాపారి,
తిరుపతి