స్టీరింగ్ ఆయిల్‌కు నీళ్ల పైపు రబ్బరు: మీ హోస్ కిట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీసు మేనేజర్ గారికి,

విషయం: పవర్ స్టీరింగ్ హోస్ కిట్‌లో రిటర్న్ పైపు, రాగి వాషర్లు, తెలుగు సూచనల కాగితంలో లోపాలు, వారంటీ నిరాకరణపై అభ్యంతరం.

అయ్యా,

"ఇంట్లోనే మార్చుకోండి" అని అట్టపెట్టె మీద అచ్చువేసి మీరు అమ్ముతున్న హోస్ కిట్లు మూడు కొన్నాం. ఒంగోలు, చీమకుర్తి, పొదిలిలోని మూడు పాత డీజిల్ బండ్లకు బిగించాం. మూడింటిలోనూ నెల తిరక్కుండానే రిటర్న్ పైపు (స్టీరింగ్ బాక్సు నుంచి ఆయిల్‌ను తిరిగి ఆయిల్ డబ్బాకు తెచ్చే పైపు) దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. మీ వారంటీ విభాగం మూడింటికీ ఒకటే జవాబు పంపింది: క్లిప్పు అతిగా బిగించారు, పైపు తెగింది, వారంటీ వర్తించదు. ఆ జవాబును మేం ఒప్పుకోం. తప్పు బిగింపులో లేదు, రబ్బరులోనే ఉంది.

ముందు బిగింపు సంగతి. బండి పూర్తిగా చల్లారాక, ముందు చక్రాలను లేపి స్టాండ్ల మీద నిలిపాం. డబ్బాలోని పాత ఆయిల్‌ను పెద్ద సిరంజితో లాగేశాం. అది చేయకపోతే పైపు ఊడదీయగానే ఆయిల్ బెల్టు మీదా ఆల్టర్నేటర్ మీదా పడుతుంది. పంపు నుంచి ఒత్తిడితో ఆయిల్ తీసుకెళ్లే ప్రెజర్ పైపు నట్టుకు మామూలు పానా వేస్తే మూలలు అరిగిపోతాయి, అందుకని బ్రేకు పైపులకు వాడే చీలిక రింగు పానా వేసి, ఇంకో పానాతో అవతలి భాగాన్ని కదలకుండా పట్టాం. కొత్త పైపు రెండు కొసలూ ముందు చేత్తోనే మరలెక్కించి, పైపు తనంతట తాను కుదురుకున్నాకే బిగించాం. పైపు మీద అచ్చు వేసిన తెల్ల గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా ఉంది, అంటే మెలిక పడలేదు. ఫొటోలు జతచేశాం.

గాలి తీయడం కూడా పద్ధతిగానే చేశాం. డబ్బా నింపి, ఇంజిన్ ఆపి ఉంచే, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా ఇరవై సార్లు తిప్పాం. మట్టం దిగినప్పుడల్లా ఆయిల్ పోశాం. బుడగలు ఆగిన తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేశాం. ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంది. గాలి మిగిలి ఉంటే పాలు కలిపినట్టు నురగగా కనిపించేది, పంపు మూలిగేది.

ఇక రిటర్న్ పైపు. కిట్‌తో వచ్చిన పైపు కాస్త పొడవు ఎక్కువ. కోయగా మిగిలిన ముక్కను, అంటే క్లిప్పు గానీ పానా గానీ తగలని ముక్కను, డెక్స్‌రాన్ 3 రకం (పవర్ స్టీరింగ్‌లో వాడే ఖనిజ నూనె) ఆయిల్ పోసిన గాజు సీసాలో వేశాం. పక్కనే ఇంకో సీసాలో ఒంగోలు స్పేర్ పార్టుల దుకాణంలో మీటరు లెక్కన కొన్న నైట్రైల్ (నూనెకు ఆగే రబ్బరు) ఆయిల్ పైపు ముక్క వేశాం. రెండూ బయటి కొలత 17 మిల్లీమీటర్లు. ఏడు రోజుల తర్వాత వెర్నియర్‌తో కొలిస్తే నైట్రైల్ ముక్క 17 దగ్గరే ఉంది. మీ ముక్క 19.5కు ఉబ్బింది. గోరుతో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది, వేళ్లకు నల్లగా అంటింది.

ఈ లక్షణాలు రేడియేటర్ పైపులకు వాడే ఈపీడీఎమ్ రబ్బరువి. అది నీళ్లకు ఆగుతుంది, బ్రేక్ ఆయిల్‌కూ ఆగుతుంది, ఖనిజ నూనెకు ఆగదు. ఉబ్బి మెత్తబడిన గోడలోకి క్లిప్పు అంచు దానంతటదే దిగుతుంది. మీరు "అతిగా బిగించిన గుర్తు" అంటున్నది ఈ గాటునే. ఏ క్లిప్పూ లేని సీసాలోని ముక్క కూడా ఎందుకు ఉబ్బిందో మీరే చెప్పాలి. స్టీరింగ్ రిటర్న్ పైపుకు ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) జె189 అని ప్రత్యేక ప్రమాణం ఉంది, ప్రెజర్ పైపుకు జె188. మీ రిటర్న్ పైపు మీద ఏ ప్రమాణం గుర్తూ లేదు.

ఇది చుక్కలు కారడంతో ఆగే సంగతి కాదు. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, తడి లేక లోపల అరిగిపోతుంది. పైపు లోపలి నుంచి ఊడిన రబ్బరు నలుసులు స్టీరింగ్ బాక్సు వాల్వులోకి పోతాయి. కారిన ఆయిల్ వేడెక్కిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే మంటే లేవవచ్చు. నడుస్తుండగా ఆయిల్ అయిపోతే స్టీరింగ్ పట్టేయదు గానీ ఒక్కసారిగా బరువెక్కుతుంది. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ బ్లాకుల లారీలు ఎదురొచ్చే వేళ అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి.

వాషర్ల సంగతి చిన్నదే. పంపు దగ్గర బాంజో బోల్టు (ఆయిల్ లోపలి నుంచి పోయే బోలు బోల్టు) 16 మిల్లీమీటర్లు, మీ వాషర్ రంధ్రం 17.6. బోల్టు మీద అది మధ్యకు రాదు. విప్పి చూస్తే వాషర్ మీద ఒత్తిడి ముద్ర గుండ్రంగా లేదు, విదియ చంద్రవంకలా ఒక పక్కకే పడింది. టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు, స్టీరింగ్ కొసకు తిప్పినప్పుడు ఈ పైపులో చాలా బండ్లకు 70 నుంచి 100 బార్ల దాకా ఉంటుంది. ఒకపక్క అంచు మీదే నిలబడ్డ వాషర్ అక్కడ ఎన్నాళ్లు ఆగుతుంది? మేం సరైన కొలత రాగి వాషర్లు విడిగా కొని వేశాం కాబట్టి అక్కడ కారలేదు.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టింది సూచనల కాగితం. ఇంగ్లీషు వైపు బ్రేక్ ఆయిల్ వాడరాదని ఉంది. తెలుగు వైపు "బ్రేక్ ఆయిల్ వాడవచ్చు" అని పడింది. అది పోస్తే పంపులో, స్టీరింగ్ బాక్సులో ఉన్న నైట్రైల్ సీళ్లన్నీ చెడిపోతాయి. మొత్తం విప్పి సీళ్లు మార్చడం తప్ప దారి ఉండదు. తెలుగు మాత్రమే చదివే మనిషి మీ మాట నమ్మి పోస్తాడు. ఆ నష్టం పూర్తిగా మీరు అచ్చువేసిన ఒక్క మాట వల్లే. అదే కాగితంలో ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను కొసకు తిప్పి 30 సెకన్లు పట్టి ఉంచమన్నారు. అక్కడ ఐదు సెకన్లు దాటకూడదు. కొసకు తిప్పినప్పుడే ప్రెజర్ అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది, ఆయిల్ కాగిపోతుంది, పంపు దెబ్బతింటుంది. లీకు ఎక్కడో వేలితో తడిమి చూడమన్న వాక్యం కూడా తీసేయండి. ప్రెజర్ పైపుకు సూదిమొన అంత రంధ్రం ఉన్నా ఆ ఆయిల్ చర్మంలోకి దిగుతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

మేం కోరేవి ఇవి. మూడు కిట్ల ధర, పోయిన ఆయిల్ ధర, విడిగా కొన్న పైపు, వాషర్ల ధర బిల్లుల ప్రకారం తిరిగి ఇవ్వండి. ఈ బ్యాచ్ కిట్లను ఒంగోలు, నెల్లూరు, కావలి దుకాణాల నుంచి వెంటనే వెనక్కి తీసుకోండి. ఇప్పటికే కొన్నవాళ్లకు బ్రేక్ ఆయిల్ పోయవద్దని దుకాణాల ద్వారా తెలుగులో తెలియజేయండి. దీన్ని మాత్రం మా డబ్బు సంగతి తేలేదాకా ఆపవద్దు, ఈ ఉత్తరం అందిన రోజే మొదలుపెట్టండి.

వాడే పద్ధతి సరిగా చెప్పకపోయినా, హెచ్చరిక ఇవ్వకపోయినా తయారీదారుదే బాధ్యత అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. సీసాలోని ముక్కలు రెండూ భద్రంగా ఉంచాం. మీ ఇంజినీరును పంపితే ఎదురుగానే కొలిచి చూపిస్తాం.

ఇట్లు,
కిట్లు కొన్న ముగ్గురు వినియోగదారులు,
ప్రకాశం జిల్లా.

జత: బిల్లుల జెరాక్సులు, మీ వారంటీ జవాబులు, ఫొటోలు, సూచనల కాగితం రెండు వైపులా.