ఒక ఆఫీసు ఇచ్చిన కాగితం ఇంకో ఆఫీసుకి కనపడదా?

సంపాదకులకు నమస్కారం.

2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్‌లో మొదలైనప్పుడు నిజంగా సంతోషించాను. కానీ కౌంటర్ వెనకాల శాఖలు ఇంకా ఎవరి దారి వారిదే అన్నట్టున్నాయి. మా పక్కింటి పిన్నిగారు, భర్త పోయాక, అదే మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సులు పట్టుకుని ఇంటి పన్నులో పేరు మార్పుకి ఒకచోటికి, కరెంటు మీటరుకి ఇంకోచోటికి, పింఛనుకి మరోచోటికి తిరిగారు, వెళ్లిన ప్రతిచోటా ‘ఒరిజినల్ ఏదమ్మా’ అనే ప్రశ్నే. అది ఇచ్చింది ప్రభుత్వమే కదా!

ఆవిడ ఒక్కసారి ఓటీపీతో ఒప్పుకుంటే మిగతా శాఖలే ఆ వివరం తెచ్చుకోవాలి, ఎవరు చూశారో ఆవిడ ఫోన్‌కి మెసేజ్ రావాలి. ఈ రెండోది లేకుండా మొదటిది నాకు వద్దు.

ఇంకో టెన్షన్ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు విశాఖలో స్తంభాలు కూలి, కరెంటూ ఫోన్లూ పోయి ఎంత అల్లాడామో గుర్తుంది. అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద పెట్టేటప్పుడు ఆసుపత్రులకి, సచివాలయాలకి రెండో లైను, బ్యాటరీ ఉండాలి. సర్వర్ డౌన్ అయిన రోజు కాగితం మీదే దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వాలని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి.

— ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం