విన్నిపెగ్ నుంచి నాన్నగారికి

విన్నిపెగ్,
జనవరి 25, ఆదివారం.

నాన్నగారికి, అమ్మకి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.

ముందు వేలి సంగతి రాసేస్తాను. అది తెలిస్తే గానీ అమ్మ మిగతా ఉత్తరం ప్రశాంతంగా వినలేదు. వేలు బాగానే ఉంది. ఎడమచేతి చూపుడు వేలు, గోరు పక్కన తెగింది. రెండు కుట్లు వేశారు, గురువారం తీసేశారు కూడా. వీడియోలో కట్టు లావుగా కనబడింది గానీ లోపల దెబ్బ అంత లేదు. అమ్మా, ఆ రాత్రి నువ్వు అన్నం ముట్టలేదని వదిన చెప్పింది. అలా చెయ్యకు. నువ్వు తినలేదని తెలిశాక నాకూ ముద్ద దిగలేదు.

ఎలా జరిగిందో నాన్నగారికి చెప్పాలి. నేను చేస్తున్న వీడియో గేమ్ పెట్టెకి చెక్క అంచు ఒకచోట కాస్త లేచి ఉంటే ఉలితో తీద్దామనుకున్నాను. దాన్ని బల్లకి బిగించకుండా ఎడమచేత్తో పట్టుకున్నాను. ఉలి వెళ్ళే దారిలో చెయ్యి ఉండకూడదని మీరు నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఆ రోజు తొందరపడ్డాను. అంతే జరిగింది, ఇంకేమీ దాచలేదు.

ఫోనులో నా మాట మీకు సగమే వినబడుతోంది. అందుకే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా రాశాను, బుజ్జి చేత చదివించుకోండి. బుజ్జీ, గబగబా చదవకు, తాతయ్యకి వినబడేలా మెల్లగా చదువు తల్లీ.

ఉద్యోగం బాగానే ఉంది. మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. ఈయనకి ఈ నెలంతా నైట్ డ్యూటీ.

అమ్మ పక్కింటి పిన్నితో నేను దేవుడి మందిరం చేస్తున్నానని చెప్పిందట. మందిరం కాదమ్మా, వీడియో గేమ్ పెట్టె. అమలాపురంలో గడియార స్తంభం దగ్గర సందులో ఉండేవి కదా, మనిషంత ఎత్తు, పైన టీవీ, కింద చేత్తో తిప్పే పుల్ల, రంగురంగుల బటన్లు. అన్నయ్య రూపాయి బిళ్ళ వేసి ఆడేవాడే, అదే.

పెట్టెని నడిపే కంప్యూటరు కొనలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. పాత ప్రాసెసరు ఉన్నవాటికి విండోస్ 11 ఎక్కదు. అందుకని మా ఆఫీసులో కొన్ని పక్కన పెట్టి, కావలసినవాళ్ళు తీసుకెళ్ళమన్నారు. నేను ఒకటి తెచ్చుకుని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. ఆఫీసు పనికి పనికిరాదన్న ఆ కంప్యూటరు ఈ ఆటలకి ఎక్కువే. మేమ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, 1997లో ఇటలీలో నికోలా సల్మోరియా అనే ఆయన మొదలుపెట్టాడు. పాత పెట్టెల్లోని ఎలక్ట్రానిక్ బోర్డు ఏ పని ఎలా చేసేదో ఈ కంప్యూటరు చేత అచ్చం అలాగే చేయిస్తుంది. బోర్డులు తుప్పుపట్టి పోయినా ఆటలు మిగలాలని పెట్టుకున్న పని అది. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ ఆటలు మాత్రం వాటి కంపెనీలవే. అందుకని ఇప్పటికీ అమ్ముతున్నవి కొన్నాను, హక్కుదారులు ఉచితంగా వదిలినవి కొన్ని పెట్టాను. దొంగసరుకు ఒక్కటీ లేదు, ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

నాన్నగారూ, చెక్కపని గురించి మీతో ఎంత రాసినా నాకు తనివి తీరదు.

ఎనిమిది అడుగుల బై నాలుగు అడుగుల ప్లైవుడ్, 18 మిల్లీమీటర్ల మందం, రెండు షీట్లు తెచ్చాం. ఒక షీటులో రెండు పక్కలూ వచ్చాయి. ఒకటి కోసి చిత్రిక పట్టి, దాన్నే రెండోదాని మీద పెట్టి గీసుకున్నాను, మీరు తలుపు రెక్కలకి చేసేవారే, అలాగే. మొదట గరాజులో పెట్టాను పని. అక్కడ మైనస్ 20. జిగురు రాసి బిగించి పొద్దున్న చూస్తే సుద్దపొడిలా తెల్లగా అయిపోయింది, చేత్తో లాగితే ఊడొచ్చింది. 10 డిగ్రీల కన్నా చలిలో వాడవద్దని డబ్బా మీద రాసే ఉంది, నేనే చదవలేదు. అదంతా గీకేసి, చెక్కలన్నీ కింద బేస్‌మెంటులోకి దించి మళ్ళీ మొదలుపెట్టాను.

బటన్లకి 28 మిల్లీమీటర్ల కన్నాలు పడాలి. ఇద్దరు ఆడేలా మనిషికి ఎనిమిది చొప్పున పదహారు. డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం ఒకటి ఉంటుంది ఇక్కడ. మొదటి కన్నం పై నుంచి చూస్తే అద్దంలా ఉంది, తిప్పి చూస్తే అడుగున పొర అంతా పెచ్చులు లేచిపోయింది. అప్పుడు మీ మాట గుర్తొచ్చింది. అడుగున పనికిరాని చెక్క ముక్క ఒకటి పెట్టి, రెండూ కలిపి బిగించి కోశాను. రంపం పై చెక్క దాటి అడుగు చెక్కలోకి దిగేటప్పుడు చప్పుడు మారుతుంది, చేతికి తెలుస్తుంది. మిగతా పదిహేను కన్నాలూ ఒక్క పెచ్చు లేకుండా వచ్చాయి. వేలితో లోపల తడిమితే ఎక్కడా ముల్లు లేదు. ఆ చెక్క మీకు చూపించాలని ఎంత అనిపించిందో.

96 తుఫాను తర్వాత ఆర్నెల్లు మీకు ఊపిరాడని పని. కప్పులు, కిటికీలు, తలుపులు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. గీత కొట్టడానికి దారం అవతలి కొస పట్టుకునే మనిషి దొరక్క నన్ను కూర్చోబెట్టారు. ఆడపిల్లకి ఈ పనేమిటని ఎవరో అంటే మీరు తలెత్తకుండా "దారం బిగించి పట్టమ్మా" అన్నారు నాతో. నాకు ఈ పని వచ్చింది అక్కడే. మీరిచ్చిన చిన్న చిత్రికతోనే ఈ పెట్టెకి అంచులన్నీ తీశాను. దాని పిడికి మీ బొటనవేలు అరగదీసిన గుంట ఉంది చూడండి, నా వేలు అందులో ఇంకా వదులే.

వైర్ల పని రెండు రాత్రులు పట్టింది. ప్రతి బటనుకీ రెండు తీగలు. ఒకటి చిన్న బోర్డుకి వెళ్తుంది, బటన్ నొక్కిన సంగతి కంప్యూటరుకి చెప్పేది ఆ బోర్డే. రెండోది గ్రౌండు, బటన్ నుంచి బటనుకి గొలుసులా పోతుంది. అంతా బిగించి ఆన్ చేస్తే ఎడమ పక్క మొదటి రెండు బటన్లే పలికాయి. మూడోదాని నుంచి చివరిదాకా ఒక్కటీ కదలలేదు. అన్నీ ఒకేసారి పాడవవు కదా. కాలవలో గుర్రపుడెక్క అడ్డుపడి మన శివారు అరెకరానికి నీళ్ళు రాకపోతే మీరు చేనులో వెతికేవారు కాదు, గట్టు వెంట పైకి నడుచుకుంటూ పోయేవారు. నేనూ పై నుంచి మొదలుపెట్టాను. రెండోదానికీ మూడోదానికీ మధ్య క్లిప్పు ఊడిపోయి ఉంది. నొక్కి బిగించగానే వరసంతా ఒక్కసారి పలికింది. అర్ధరాత్రి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఒక్కదాన్నే అన్నానని గాబరా పడకండి. ఈయన డ్యూటీకి వెళ్ళాక, చిన్నోడు పడుకున్నాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోతుంది. ఇక్కడ చలికాలం సాయంత్రం అయిదు గంటలకే చీకటి. కిటికీ తలుపులన్నీ మూసే ఉంటాయి, పక్కింటి మాట కూడా వినబడదు. కిందటేడు చలికాలం ఆ వేళప్పుడు ఫోను పట్టుకుని కూర్చుని ఊరి ఫొటోలు చూస్తూ ఏడ్చేదాన్ని. ఈ సంగతి అప్పుడు చెప్పలేదు. ఈ ఏడు కిందికి దిగి చిత్రిక పడుతున్నాను. చెక్క పొరలు చుట్టలు చుట్టుకుని కాళ్ళ మీద పడుతుంటే మన అరుగు మీద ఉన్నట్టుంటుంది. అన్నయ్య అంటున్నట్టు నాకేమీ కాలేదు.

కనుమ నాడు అన్నయ్య జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి వీడియో కాల్ చేశాడు. ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. చిన్నోడిని కూడా లేపాను. భుజాల మీద మోసుకొచ్చే ఆ ఎత్తయిన గంగలకుర్రు ప్రభ కౌశిక నది నీళ్ళలోంచి వస్తుంటే వాడు నోరు తెరుచుకుని చూశాడు. "అమ్మా, పడిపోదా?" అని ఒకటే అడగడం. పెట్టెకి రెండు పక్కలా ఏం వెయ్యాలా అని అనుకుంటున్నాను కదా, ఆ పొద్దున్నే నిర్ణయమైపోయింది. రెండు పక్కలా ప్రభలు వేశాను. నెమలికంఠం రంగు, పసుపు, మిరపపండు ఎరుపు. పైన పేరు ఉండే పలక వెనక ఎల్ఈడీ పట్టీ అంటించాను. లైటు వేస్తే చీకట్లో ప్రభ నిలబడ్డట్టే ఉంటుంది.

చిన్నోడికి పాక్‌మాన్ బాగా నచ్చింది. 1980లో జపాన్‌లో నామ్కో వాళ్ళు తెచ్చిన ఆట, తోరు ఇవతాని అనే ఆయన చేసింది. వాడు మూల తిరగబోతే బొమ్మ అక్కడే ఆగిపోయి దయ్యానికి దొరికిపోయేది. వాడి చేతిలో లోపం అనుకున్నాను. చూస్తే పుల్ల ఎనిమిది దిక్కులకి కదిలేది, ఆ ఆటకి కావలసినవి నాలుగే. మూలకి వాలినప్పుడు ఎటు వెళ్ళాలో దానికి తెలియదు. పుల్ల అడుగున ఒక చదరపు పలక ఉంటుంది, దాన్ని తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులకే పోతుంది. ఇప్పుడు వాడు నన్ను దాటిపోయాడు. రోజుకి అరగంటే, అమ్మా. చదువు పాడవనివ్వను.

ఖర్చు గురించి కూడా రాస్తాను, అన్నయ్య అడిగాడు కాబట్టి. చెక్క, బటన్లు, తీగలు, రంగు, పాత నలుచదరపు మానిటరు, అన్నీ కలిపి 350 డాలర్లలోపు. తయారుగా ఉన్నది కొంటే వేలల్లో ఉంటుంది. ఆ డబ్బుతో టికెట్టు వచ్చేది కాదు. గృహప్రవేశానికి రాలేకపోయింది సెలవు దొరక్క. డబ్బు దాచుకుని కాదు, మనసు లేక అంతకన్నా కాదు. ఈ మాట అన్నయ్యకి నేను ఫోనులో చెబితే గొంతు పెరుగుతోంది ఇద్దరికీ. మీరు చెప్పండి.

అన్నయ్య ఆ షాపులో ఆడుతుంటే నేను బయట సైకిలు పట్టుకుని నిలబడేదాన్ని. ఆడపిల్లలు రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, కానీ ఎవరూ వెళ్ళేవారు కాదు. లోపలి నుంచి చప్పుళ్ళు, కేకలు వినబడేవి. ఒకరోజు సందులో ఎవరూ లేరు. వాడి దగ్గర ఒక్క రూపాయే మిగిలింది. నన్ను లోపలికి తీసుకెళ్ళి, సోడా బుడ్ల పెట్టె ఒకటి తిరగేసి దాని మీద నిలబెట్టాడు. పుల్ల వాడు పట్టుకున్నాడు, బటన్ నన్ను నొక్కమన్నాడు. "ఇప్పుడు! ఇప్పుడు!" అని చెవిలో అరుస్తుంటే నేను నొక్కుతూనే ఉన్నాను. మూడు నిమిషాలు కూడా ఆడలేదేమో. ఇంటికి వచ్చేదాకా వాడు సైకిలు తొక్కుతూ ఎలా గెలవాల్సిందో చెబుతూనే ఉన్నాడు. మీకు ఎవరూ చెప్పలేదు ఇది. అన్నయ్యకి గుర్తుందో లేదో అడగండి.

ఆ ఆట ముస్తఫా. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ వాళ్ళది. అందులో ఒక మనిషి పేరు పెట్టి మనవాళ్ళంతా ముస్తఫా అనేవారు. నా పెట్టెలో అది లేదు. ఎంత వెతికినా కొనుక్కోవడానికి దొరకలేదు.

అందుకని ఒక పని అడుగుతున్నాను. ఆ షాపాయన ఇప్పుడు ఏం చేస్తున్నారో అన్నయ్యకి తెలిసే ఉంటుంది. వాళ్ళ అటక మీద పాత పెట్టెలు ఇంకా ఉన్నాయేమో కనుక్కోమనండి. పెట్టె అక్కర్లేదు, లోపలి బోర్డు చాలు. గుర్తేమిటంటే బోర్డు అంచున ఒకచోట సన్నటి ఇత్తడి గీతల్లాంటివి వరసగా ఉంటాయి, ఒక్కో వైపు 28, మొత్తం 56. 1985లో జపాన్ వాళ్ళు పెట్టుకున్న కొలత అది, ఒక బోర్డు తీసి ఇంకొకటి పెట్టుకోవడానికి వీలుగా. ఆయన అడిగినంత ఇమ్మనండి, నేను పంపిస్తాను. పనిచేస్తుందో లేదో చూడక్కర్లేదు, ఆ సంగతి నేను చూసుకుంటాను. సెలవుకి ఇప్పుడే రాసి పెట్టాను, వచ్చే సంక్రాంతికి ముగ్గురం వస్తాం, అప్పుడు తెచ్చుకుంటాను.

నాన్నగారూ, ఇంకొక్కటి. అంచులకి మేపుల్ చెక్క బీడింగు కొట్టాను. వేసినప్పుడు మూలలు అతికినట్టు కలిశాయి. మన దగ్గర వానాకాలం తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి కదా, ఇక్కడ చలికాలం హీటరు వేడికి చెక్క ఎండి సందులు పడుతున్నాయి. ఇప్పుడు రెండు మూలల్లో నూలుపోగంత సందు కనబడుతోంది. జిగురులో రంపపు పొట్టు కలిపి ఇప్పుడే నింపెయ్యమంటారా, ఎండాకాలం దాకా ఆగి చూడమంటారా? బుజ్జి చేత రాయించండి, మీరు చెప్పేదాకా ముట్టుకోను.

అమ్మ మోకాళ్ళకి నూనె రాస్తోందా? వదినకి, పిల్లలకి ముద్దులు. అన్నయ్యకి చెప్పండి, బోర్డు దొరికితే కాగితంలో చుట్టి పొడిగా ఉన్నచోట పెట్టమని. పాలిథిన్ కవరు వద్దు.

మీ అమ్మాయి.