తొలి మ్యాచ్‌కు ఆరు వారాల ముందు

సంపాదకుల వారికి,

నమస్కారములు. వానలు మొదలైన నాటి నుంచి చలికాలం దాకా మీ పత్రిక జిల్లా పేజీలో బాలల ఫుట్‌బాల్ పోటీల వార్తలు, కప్పు పట్టుకుని నిలబడిన పిల్లల ఫొటోలు చూస్తూ ఉంటాం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారికి, సరిహద్దు అవతల అచ్చయ్యే ఆ పేజీలో తమ పిల్లవాడి ముఖం కనిపించడం చిన్న సంతోషమేమీ కాదు. అయితే ఆ ఫొటోలో ఒక చివర నిలబడే కోచ్‌కు ఆ జట్టును ఎప్పుడు అప్పగించారన్న సంగతి ఏ వార్తలోనూ ఉండదు. మా ప్రాంతంలో ఆ ప్రశ్న అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు, పోయిన వారమే అని. పద్నాలుగేళ్ల లోపు, పదిహేడేళ్ల లోపు జట్లకు హెడ్ కోచ్‌ను తొలి మ్యాచ్‌కు కనీసం ఆరు వారాల ముందు నియమించాలని, ఆ ఆరు వారాల్లో అతడు చేయవలసిన పని ఏమిటో నిర్వాహకులకూ తల్లిదండ్రులకూ తెలిసి ఉండాలని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక పోటీకి ఎనిమిది రోజుల ముందు నాకు జట్టును అప్పగించారు. అప్పటికి కొంతకాలంగా సహాయకుడిగా పనిచేస్తున్నాను కాబట్టి ఆటకు సంబంధించినంతవరకు నాకు తెలియనిదేమీ లేదనుకున్నాను. తొలి మ్యాచ్ రోజున ఇద్దరు పిల్లలను కాగితాలు సరిపోలేదని గీత దాటకముందే వెనక్కి పంపారు. మూడోవాడికి రెండో సగంలో పిక్కలు పట్టేసి నడవలేకపోయాడు. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. ఓటమిని పిల్లలు రెండు రోజుల్లో మరిచిపోయారు కాని, వెనక్కి పంపిన ఇద్దరిలో ఒకడు మళ్లీ మైదానం వైపు రాలేదు. నిర్వాహకులు ఆలస్యంగా అడిగిన మాట నిజమే. అడిగిన వెంటనే తలూపిన తప్పు మాత్రం నాది.

మా జిల్లాల్లో హెడ్ కోచ్ తొలి పది రోజులు కాగితాలతోనే గడుస్తాయి. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియా బడి రిజిస్టరులో అదే చివరికి చేరుతుంది. ఆధార్ కార్డులో ఒక్కోసారి పొడి అక్షరంగా మిగులుతుంది. ఒడియాలో వకారాన్ని బకారంగా పలకడం, రాయడం మామూలు కాబట్టి ఇంట్లో వాసు అయినవాడు బడిలో బాసు, ఇంట్లో వెంకటేశు అయినవాడు బడిలో బెంకటేశు అవుతాడు. పలికేటప్పుడు ఇది ఎవరికీ పట్టదు కాని, మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసే అధికారి కంటికి ఆ ఒక్కడే ముగ్గురు వేర్వేరు పిల్లలు. ఇక పుట్టిన తేదీల సంగతి చెప్పనక్కరలేదు. బడిలో చేర్చిన రోజున మాస్టారు వేసిన తేదీయే స్థిరపడిపోయిన పిల్లలు ఇంకా ఉన్నారు. నా హాజరు పుస్తకం చూసినవారెవరైనా ఈ కొండల్లో పిల్లలందరూ జూన్ నెలలోనే పుడతారనుకుంటారు. ఇటువంటివి సరిచేయించాలంటే బడికి, పురపాలక కార్యాలయానికి, ఆధార్ కేంద్రానికి తిరగాలి. రోజుకూలి మానుకుని తండ్రి ఎన్నిసార్లు తిరగగలడు? నెల రోజుల వ్యవధి ఉంటే రెండు మూడు విడతల్లో అయ్యే పనిని ఎనిమిది రోజుల్లో ఎవరూ చేయలేరు.

వ్యవధి లేనప్పుడు మరో దారి తెరుచుకుంటుంది. అందరికీ తెలిసినా ఎవరూ రాయని దారి అది. పదహారేళ్ల వాడిని పద్నాలుగేళ్ల జట్టులోకి దించడం. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య తన పదిహేడేళ్ల లోపు పోటీల్లో 2009 నుంచి మణికట్టు ఎముకకు ఎమ్మారై తీయించి వయసు చూస్తోందంటే ఈ రోగం మన ఊరికే పరిమితం కాదని అర్థమవుతుంది. అయితే మన బ్లాక్ స్థాయి పోటీల్లో అటువంటి పరీక్ష ఉండదు, కోచ్ మాటే పరీక్ష. ఈ విషయం తొలి సమావేశంలోనే, కమిటీ పెద్దల ఎదుట, తల్లిదండ్రుల ఎదుట తేల్చి చెప్పవలసినది. పోటీకి రెండు రోజుల ముందు చెబితే అది కోచ్ మొండితనంగా కనిపిస్తుంది.

పాతపట్నం వైపు నుంచి సైకిళ్ల మీద వచ్చి మాతో కలిసి ఆడే పిల్లలున్నారు. సాయంత్రపు ఆటకు రాష్ట్రాల గీత అడ్డు రాదు, బడి పోటీలకు వస్తుంది. ఎవరు ఏ రాష్ట్రపు బడిలో చదువుతున్నారో, ఎవరు ఎక్కడ ఆడగలరో ముందే చూసుకుని ఆ పిల్లలకు నెమ్మదిగా చెప్పడం కూడా హెడ్ కోచ్ పనే. రెండు రాష్ట్రాల వేసవి సెలవుల తేదీలు ఒకటి కావు కాబట్టి జట్టంతా ఒకేసారి చేతికి దొరికే రోజులు అనుకున్నదానికన్నా తక్కువని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక మాట సంగతి. నా జట్టులో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, సవర పిల్లలు ఉంటారు. తోటివాడి మీదికి వెనుక నుంచి ప్రత్యర్థి వస్తున్నప్పుడు అతడిని హెచ్చరించడానికి అర సెకను మాత్రమే ఉంటుంది. ఆ అర సెకనులో ఒకడు “వెనకున్నాడు” అని, మరొకడు “పఛరే” అని అరిస్తే, వినేవాడు ఏ మాటకు తిరగాలో తేల్చుకునేలోగా బంతి పోతుంది. అందుకని మొదటి వారంలోనే ఏడెనిమిది మాటలను పిల్లలచేతనే ఎంపిక చేయిస్తాను. మా జట్టులో “వెనక” తెలుగు నుంచి, వదిలెయ్యమనడానికి “ఛాడ” ఒడియా నుంచి వచ్చాయి. గోల్‌కీపర్ అరిచే మాట సవర పిల్లలు ఇచ్చినది. ఏ మాట ఏ భాషదన్న పట్టింపు పిల్లలకు లేదు, అది పెద్దవాళ్లకే ఉంటుంది. మా పర్లాకిమిడిలోనే అయ్యవారుగా పనిచేస్తూ సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకుండా ఆ పని చేయలేను. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టిన తేదీ కూడా అదే కావడంతో దేశమంతా ఆ రోజును క్రీడా దినోత్సవంగా జరుపుతుంది. పర్లాకిమిడిలో పిల్లలకు ఆట నేర్పేవాడికి ఇంతకన్నా తగిన పండుగ దొరకదు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసింది పిల్లల ఒంటి విషయంలో. దక్షిణ ఒడిశా కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే, వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు ఉన్నదని అందరికీ తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు వారికి రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోస్తున్న పిల్లలు చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, అందరితో సమానంగా పరుగెడతారు. కాని ఎండలో, చాలినంత నీళ్లు తాగకుండా, ఊపిరి తీసుకునే విరామం లేకుండా పరుగు వెంట పరుగు పెట్టిస్తే వారిలో కొందరు కుప్పకూలే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు పిల్లవాడు కాళ్లు బరువెక్కాయంటాడు, నీరసమంటాడు. అది బద్ధకమనుకుని కోచ్ మరో రౌండు కొట్టమంటే ప్రాణం మీదికి వస్తుంది. కార్డు చూసి జట్టులోంచి తీసేయమని నేను చెప్పడం లేదు. ఎవరికి ఎక్కువ విరామం ఇవ్వాలో తెలుసుకుని, ఆ పిల్లవాడు ఆగుతానన్నప్పుడు కారణం అడగకుండా ఆపాలి. జబ్బే ఉన్న పిల్లల విషయం డాక్టరు నిర్ణయించాలి, మనం కాదు. మలేరియా జ్వరం తగ్గిన మర్నాడే మైదానానికి వచ్చే పిల్లలూ ఉంటారు. వారిని కూర్చోబెట్టి ఆట చూపించాలి.

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందని వైద్యులు చెబుతారు. ఆరు వారాల లెక్కలో మొదటి రెండు వారాలు దీనికే పోతాయి. ఆ రోజుల్లో సాధన గంటకు మించకుండా, సాయంత్రం అయిదు దాటాక, పదిహేను నిమిషాలకొకసారి నీళ్లు తాగించి చేయించాలి. ఇంటి దగ్గర తెలుగు పిల్లలు చద్దన్నం, ఒడియా పిల్లలు పఖాళ తిని వస్తారు. రెండూ ఒకటే, రెండూ మంచివే. అవి మాన్పించి ప్యాకెట్లలో దొరికే రంగు నీళ్లు కొనిపించే కోచ్‌లను చూస్తే నాకు కోపం వస్తుంది.

తొలివారమంతా మైదానం చుట్టూ పరుగులు పెట్టించడమే సాధన అనుకునే అలవాటు మనలో ఇంకా పోలేదు. ఆ పరుగుల్లో పిల్లవాడి కాలికి బంతి ఒక్కసారీ తగలదు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య రూపొందించిన పదకొండు ప్లస్ అనే వార్మప్ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది: ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగు, పది నిమిషాలు కాళ్ల బలం, గెంతు, నిలకడ, చివరి రెండు నిమిషాలు వేగపు పరుగు. ఖరీదైన సామాను ఏదీ అక్కరలేదు. మోకాలు, చీలమండ గాయాలు దీనివల్ల తగ్గుతాయని అనేక దేశాల్లో గమనించారు. అయితే వారానికి కనీసం రెండుసార్లు చొప్పున కొన్ని వారాలు చేస్తేనే. పోటీకి ముందు రోజు మొదలుపెడితే అది ఉత్త కసరత్తు. మిగిలిన సమయంలో నలుగురికి నలుగురు చొప్పున చిన్న గళ్లలో ఆడిస్తే ప్రతి పిల్లవాడికీ బంతి చాలాసార్లు తగులుతుంది, ఎవడు ఎక్కడ ఆడగలడో కోచ్‌కూ తెలుస్తుంది. హైదరాబాదులో బడి పంతులుగా పనిచేసి, భారత జట్టును 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ తీసుకువెళ్లిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు అలవాటు లేని కాలితోనే ఆడాలనే షరతుతో పోటీలు పెట్టేవారని పాతతరం వారు చెప్పేవారు. ఆ పద్ధతిని నేను వారానికి ఒక సాయంత్రం అమలు చేస్తాను. మొదట పిల్లలు నవ్వుతారు, మూడో వారానికి నవ్వడం మానేస్తారు.

బంతి కొలత మీద మన కమిటీలకు శ్రద్ధ తక్కువ. పెద్దలు ఆడే అయిదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది. పన్నెండేళ్ల లోపు వారికి నాలుగో నంబరు ఇవ్వాలి. తడిసిన పాత తోలు బంతిని పదేళ్ల పిల్లవాడి తల మీదికి విసిరి హెడ్ చేయమనడం నేను కళ్లారా చూశాను. ఇంగ్లండులో 2020 నుంచి ప్రాథమిక బడి వయసు పిల్లలకు సాధనలో హెడింగు నేర్పడం మాన్పించారు. మనం కూడా మానవచ్చు, దానికి ఖర్చేమీ లేదు.

మైదానం గురించి రెండే మాటలు. ఇనుప గోల్‌పోస్టులను భూమిలోకి బిగించారో లేదో తొలిరోజే ఊపి చూడాలి, గీతలకు పొడిసున్నం కాక సుద్దపొడి వాడాలి. పిడుగుల మాటకు వస్తే, ఒడిశా వానాకాలంలో అది ఊహాజనితమైన భయం కాదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కన్నా తక్కువ వ్యవధి ఉంటే పిల్లలను పక్కా భవనంలోకి పంపించి, చివరి ఉరుము వినిపించిన అరగంట దాకా బయటికి రానివ్వకూడదు. చెట్టు కిందికి పంపకూడదు. ఆ భవనం ఏదో, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో మ్యాచ్ రోజున వెతుక్కోవడం కాదు, మొదటి వారంలోనే అడిగి పెట్టుకోవాలి.

తల్లిదండ్రుల సమావేశం ఒకటి తప్పక జరగాలి. ప్రతి పిల్లవాడికీ ప్రతి మ్యాచ్‌లో కొంతసేపైనా ఆట ఇస్తానా, గెలుపు కోసం కొందరిని కూర్చోబెడతానా అన్నది కోచ్ ఆ రోజే చెప్పాలి. నా మట్టుకు పద్నాలుగేళ్ల లోపు జట్టులో అందరికీ ఆట ఇస్తాను. నచ్చనివారు అప్పుడే వాదించారు, తర్వాత వాదించలేదు. ఆడపిల్లల జట్టయితే ఒక మహిళ తప్పక వెంట ఉండాలి, ఏ కోచ్ అయినా ఏ పిల్లతోనైనా, పిల్లవాడితోనైనా ఒంటరిగా గదిలో ఉండకూడదు, బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు పడక ఏర్పాట్లు తల్లిదండ్రులకు ముందే తెలియాలి. 2012 నాటి పోక్సో చట్టం కమిటీలకూ వర్తిస్తుందని కొందరు పెద్దలకు ఇంకా గుర్తు చేయవలసి వస్తోంది.

ఒకప్పుడు బాగా ఆడినవాడైతే చాలు, కోచ్‌గా పనికివస్తాడనే నమ్మకంతో చివరి నిమిషంలో ఎవరినో ఒకరిని పిలుస్తున్నారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే ప్రాథమిక స్థాయి డి లైసెన్సు శిక్షణకు ప్రతి ఊరి నుంచి ఏడాదికి ఒక్కరిని పంపినా కొంత మారుతుంది. దానికయ్యే రుసుము, ప్రయాణ ఖర్చు ఒక పోటీ ముగింపు సభకు వేసే షామియానా, మైకు, శాలువాల ఖర్చును మించదని కమిటీలో కూర్చున్నవాడిగా చెప్పగలను.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. పోటీల ప్రకటనలు ఇప్పుడు జరిగే ముందు రోజో, అదే రోజో అచ్చవుతున్నాయి. నిర్వాహకులు ఆరు వారాల ముందు తేదీ, వయసు పరిమితి, కావలసిన కాగితాల వివరం పంపితే జిల్లా పేజీలో నాలుగు పంక్తుల చోటు ఇస్తామని మీరు ఒక ప్రకటన చేయగలరా? ఆ నాలుగు పంక్తులు కత్తిరించి మైదానం ఎదుట ఉన్న టీ దుకాణం గోడకు అంటించే పని నేను చూసుకుంటాను. మా పిల్లల తండ్రులు పనికి వెళుతూ రోజూ ఆగేది అక్కడే.

భవదీయుడు,
ఒక బాలల జట్టు కోచ్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.