శనివారం మధ్యాహ్నాలు మన టీచర్లు ఏం నేర్చుకుంటున్నారు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్ నుంచి నెలకో శనివారం బడి పన్నెండున్నరకే వదిలేస్తున్నాం. నెలవారీగా ఆటో మాట్లాడుకున్నవాళ్ళకీ, ఇద్దరూ డ్యూటీలకు వెళ్ళే ఇళ్ళకీ ఇది ఇబ్బందే. "ఫీజు మొత్తం కడుతున్నాం కదా మేడమ్, మళ్ళీ ఈ హాఫ్ డే ఏంటి?" అని ఒక నాన్నగారు మొన్న గేటు దగ్గర అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. ఆ మధ్యాహ్నం పూట స్టాఫ్ రూమ్‌లో ఏం జరుగుతోందో మీకు చెప్పాల్సింది నేనే. అందుకే ఈ నెల ఉత్తరం పూర్తిగా దాని గురించే రాస్తున్నాను. స్పోర్ట్స్ డే వివరాలు పిల్లల డైరీల్లో అతికించి పంపుతాం.

ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు తన వృత్తికి సంబంధించిన శిక్షణ తీసుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ గంటలు పూర్తి చేయడం పెద్ద కష్టమేమీ కాదు. ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి, సర్టిఫికెట్ ఫైల్లో పెట్టేస్తే లెక్క సరిపోతుంది. మేం అలా చేయదలచుకోలేదు. ఈ ఏడాది శిక్షణ గంటలన్నీ ఒకే పనికి పెట్టాం. ఒకరితో ఒకరికి పోలిక లేని నలభై మంది ఒకే గదిలో కూర్చున్నప్పుడు, ఆ నలభై మందీ పాఠంలోకి వచ్చేలా చెప్పడం ఎలా అన్నదే ఆ పని.

హైదరాబాదు లంగర్‌హౌస్‌లో ఉన్న బడి మనది. మన పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళున్నారు, మరాఠీ, లంబాడీ, ఒడియా మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. తెలుగులోనే ఒక్కో ఇంటి తెలుగు ఒక్కో తీరు. ఆగస్టులో మూడో తరగతి వెనక బెంచీలో కూర్చుని నేను చూసిందొకటి చెబుతాను.

కూరగాయల పాఠం. టీచరు బోర్డు మీద సొరకాయ బొమ్మ గీసి, ఇదేంటని అడిగారు. ముందు వరస వాళ్ళు "సొరకాయ" అన్నారు. అమ్మమ్మగారి ఊరు కాకినాడైన పాప "ఆనపకాయ" అంది. ఇంకో పాప "మా నానమ్మ ఆనిగెపుకాయ అంటది" అంది. కిటికీ పక్కన కూర్చున్న బాబు, బడి తెరిచినప్పటి నుంచి క్లాసులో నోరు విప్పనివాడు, చాలా మెల్లగా "కద్దూ" అన్నాడు. వెంటనే ఢిల్లీ నుంచి వచ్చి చేరిన అమ్మాయి లేచి, "కాదు టీచర్, కద్దూ అంటే గుమ్మడికాయ, ఇది లౌకీ" అంది. ఇద్దరూ చెప్పింది నిజమే. మన హైదరాబాదు పెళ్ళిళ్ళలో కద్దూ కీ ఖీర్ తిన్నవాళ్ళందరికీ అది సొరకాయతో చేస్తారని తెలుసు. ఢిల్లీ వాళ్ళకు కద్దూ అంటే గుమ్మడికాయే.

నిరుడైతే టీచరు మొదటి జవాబుకు "వెరీ గుడ్" అనేసి పేజీ తిప్పేవారు. ఆ బాబు, తను చెప్పింది తప్పనుకుని మళ్ళీ నోరు మూసుకునేవాడు. ఈసారి ఆవిడ ఐదు పేర్లూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశారు. పుస్తకంలో ఉండే మాట ఇదీ అని సొరకాయ కింద గీత గీశారు. మొత్తం పది నిమిషాలు పట్టింది. మర్నాడు పొద్దున ఆ బాబు వాళ్ళ దాదీని అడిగి, మరో నాలుగు కూరగాయల పేర్లు చిన్న కాగితం మీద రాయించుకుని తెచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ క్లాసు గోడకుంది. ఈసారి వచ్చినప్పుడు చూడండి.

చదవడంలో ఇబ్బంది పడే పిల్లల కోసం పెట్టిన శనివారం మాత్రం నాకు బరువుగా గడిచింది. శిక్షణకు వచ్చిన స్పెషల్ ఎడ్యుకేటర్ మా చేతికి తలా ఒక తెలుగు పేరా ఇచ్చారు. అందులో మ ఉండాల్సిన చోట వ, ప ఉండాల్సిన చోట వ వచ్చేలా అక్షరాలు మార్చేశారు. పలక "వలక" అయింది, మామిడి "వావిడి" అయింది, కొన్ని వత్తులు మాయమయ్యాయి. అందరి ముందూ నిలబడి, గడియారం చూస్తుండగా, గట్టిగా చదవాలి. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు మూడో లైనుకే అరచేతులు చెమటలు పట్టాయి. "త్వరగా, అందరూ మీ కోసం ఆగారు" అని ఆవిడ అనగానే, వచ్చిన మాట కూడా మర్చిపోయాను. సరిగ్గా ఆ మాటే నేను పిల్లలతో ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక అబ్బాయి డైరీలో "శ్రద్ధ లేదు, బద్ధకం" అని ఎర్ర ఇంకుతో రాసింది నేనే. ఆ పిల్లాడు రోజూ అలాంటి పేరా ముందే కూర్చుని ఉంటాడని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇలాంటి ఇబ్బందులు కూడా ఉన్నాయి. మా టీచర్లు డాక్టర్లు కారు, పేరు పెట్టడం వాళ్ళ పని కాదు. గమనించి, మీతో విడిగా మాట్లాడటం వాళ్ళ పని. అలా మిమ్మల్ని పిలిస్తే దయచేసి కంగారు పడకండి, ఇంటికెళ్ళి పిల్లల్ని తిట్టకండి.

ప్రశ్న అడిగాక ఆగడం మేం నేర్చుకుంటున్న ఇంకో విషయం. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త 1970ల్లో క్లాసుల్లో రికార్డు చేసిన టేపులు విని లెక్కగట్టారు. టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారట. మూడు సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగితే పిల్లలు ఇంకాస్త పెద్ద జవాబులు చెప్పారు, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. వినడానికి ఇది చాలా చిన్న విషయం. చేసి చూస్తే తెలుస్తుంది, ఆ మూడు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ప్రశ్నను ముందు తమ భాషలోకి తెచ్చుకుని, జవాబు ఆలోచించి, మళ్ళీ తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చుకోవాలి. వాళ్ళకు ఒక్క సెకను ఏ మూలకు సరిపోతుంది?

మీలో కొందరు నన్ను రెండు విషయాలు అడిగారు. "మా పాపకు వేరే వర్క్‌షీట్ ఇచ్చారు, తక్కువ చేస్తున్నారా?" అన్నది ఒకటి. లేదండీ. సిలబస్ అదే, పరీక్ష కూడా అదే. భిన్నాల పాఠంలో ఒకరు కాగితం మడిచి నాలుగో వంతు చూపిస్తారు, ఒకరు బొమ్మ వేస్తారు, ఒకరు నేరుగా లెక్క చేస్తారు. దారులు వేరైనా అందరూ చేరాల్సింది ఒక్కచోటికే. రెండోది, "మావాడు చురుకైనవాడు, అందరి కోసం ఆగితే వెనకబడడా?" అన్నది. ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ముందు ముగించినవాళ్ళకు అలాంటి లెక్కలే ఇంకో పది ఇవ్వడం మానేశాం. అదే పాఠం మీద వాళ్ళనే ఒక ప్రశ్న తయారు చేయమంటున్నాం. ఆర్టీసీ బస్సు సీట్ల మీద ఐదో తరగతి అమ్మాయి ఒకరు తయారు చేసిన లెక్క చేయడానికి నాకే కాసేపు పట్టింది.

అన్నీ కుదిరాయని చెప్పను. ఏడో తరగతిలో గ్రూపులుగా కూర్చోబెడితే గోల పెరిగింది, పని తగ్గింది. అక్కడ మళ్ళీ మొదటి నుంచి ఆలోచిస్తున్నాం. కొన్ని క్లాసుల్లో సిలబస్ ఒక వారం వెనకబడింది. దాన్ని సంక్రాంతి సెలవుల్లోపు సర్దుతాం.

మీ నుంచి మాకు ఒక సాయం కావాలి. ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం పంపుతున్నాం. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డ క్లాసులో దేనికి భయపడుతుంది, ఇంట్లో ఏ విషయం మీద ఆపకుండా మాట్లాడుతుంది, ఇవి రాయండి. మీకు వచ్చిన భాషలోనే రాయండి, చదివి చెప్పేవాళ్ళు మా దగ్గర ఉన్నారు. రాయడం కుదరకపోతే పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా నేను గేటు దగ్గరే ఉంటాను, నోటితో చెబితే చాలు. అమ్మమ్మలు, తాతయ్యలు, దాదీలు వచ్చి చెప్పినా సంతోషమే.

వచ్చే శిక్షణ ఈ నెల నాలుగో శనివారం. బడి పన్నెండున్నరకు వదులుతాం. ఆ వేళకు రాలేనివాళ్ళ పిల్లలు మూడున్నర దాకా లైబ్రరీలో ఉండొచ్చు, ఇద్దరు ఆయమ్మలు వాళ్ళ దగ్గర ఉంటారు. అలా ఉంచాల్సి ఉంటే గురువారంలోగా డైరీలో రాసి పంపండి, మధ్యాహ్నం టిఫిన్ బాక్సు కూడా కట్టివ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు