పట్టా కప్పనిదే మా లారీ గేటు దాటదు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి విశాఖ పోర్టులో మా టిప్పర్లు ట్రిప్పుకి ఇదివరకటికంటే తక్కువ సరుకు ఎత్తుతాయి. టన్నుకి కిరాయి కొంచెం ఎక్కువ పడుతుంది. ఒక్కొక్కరికీ ఫోన్లో ఒక్కో ముక్క చెప్పేకంటే, అందరికీ ఒకేసారి ఉన్నదున్నట్టు చెప్పేయడం మేలనిపించింది.

ముందు మా తప్పులు. పోయిన నెల మీలో ఒకరికి పంపిన జిప్సంలో బొగ్గు బెడ్డలు వచ్చాయి. ఆ టిప్పర్ అంతకుముందు రాత్రే బొగ్గు దింపింది. తొట్టి కడగాల్సింది పోయి చీపురుతో ఊడ్చి లోడింగుకి పెట్టేశాం. డోరు సందులో, మూలల్లో ఇరుక్కున్న బొగ్గంతా తెల్లటి సరుకులో కలిసింది. ఆయన పంపిన ఫోటో చూసి తల కొట్టేసినట్టయింది. ఆ లోడు కిరాయి మేం తీసుకోలేదు. ఇకమీదట సరుకు మారితే తొట్టి కడిగి, ఆరబెట్టి, ఫోటో మీకు పంపాకే లోడింగ్. దానికి సగం పూట పడుతుంది, తొందరపెట్టకండి.

రెండోది. మా డ్రైవర్‌కి జ్వరమొస్తే బదులుగా వేరే కుర్రాణ్ణి పంపాం. అతని పేరు మీద పాస్ లేదు. గేటు దగ్గరే వెనక్కి పంపేశారు, మీ సరుకు ఒక రోజు ఆలస్యమైంది. ఆ పూట నాకు కోపమొచ్చింది కానీ, న్యాయం ఆపినవాళ్ల వైపే ఉంది. 2001 సెప్టెంబరులో అమెరికాలో జరిగిన దాడుల తర్వాత వచ్చిన ఐఎస్‌పీఎస్ కోడ్, అంటే ఓడలకీ రేవులకీ పెట్టిన అంతర్జాతీయ భద్రతా నియమాలు, 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఓడ ఏ రేవుకెళ్లినా అంతకుముందు ఆగిన 10 రేవుల్లో భద్రత ఎలా ఉందో అడుగుతారు. ఇక్కడ ఎవడు పడితే వాడు లోపలికొస్తే ఆ మచ్చ ఓడతో పాటు ప్రయాణం చేస్తుంది. ఇప్పుడు అదనంగా ఇద్దరు డ్రైవర్లకి పోలీసు వెరిఫికేషన్ చేయించి పాసులు తీయిస్తున్నాం.

అసలు చెప్పాలనుకున్నది దుమ్ము గురించి.

మాది రేవు పక్కనే ఉన్న వన్‌టౌన్. మా అమ్మ పొద్దున్నే తులసి ఆకుల్ని తడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడుస్తుంది. తుడిచిన గుడ్డ నల్లగా వస్తుంది. నా చిన్నప్పటి నుంచీ ఇదే. ఆ నలుపులో నా లారీల వాటా కూడా ఉందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. 1933లో ఓడలు రావడం మొదలైన రేవు ఇది. ఊరు దాని చుట్టూ పెరిగి గోడదాకా వచ్చేసింది. బొగ్గు డంపుల మీద నీళ్లు చల్లినా, షెడ్లు కట్టినా, తొట్టి అంచు దాటి గోపురంలా పోసిన లోడు రోడ్డెక్కితే ఆ కష్టమంతా గాలిపాలే. ఐఎస్‌ఓ 14001 సర్టిఫికెట్ ఉందంటే గాలి శుభ్రంగా ఉందని కాదు. పర్యావరణానికి చేటు చేసే పనులేవో గుర్తించి, వాటిని అదుపు చేసే పద్ధతి ఒకటి ఉందని మాత్రమే. ఆ పద్ధతిని నడపాల్సింది తాడు బిగించే మా క్లీనర్, పట్టా కొనే నేను.

అందుకే లోడు తొట్టి అంచుకి జానెడు కిందే ఆగుతుంది. పట్టా నాలుగు వైపులా కట్టాకే లారీ కదులుతుంది. చిరిగిన పట్టాలన్నీ తీసేసి కొత్తవి కొన్నాం. "ఈ ఒక్క ట్రిప్పుకీ సర్దు తమ్ముడూ, ఇంకో రెండు టన్నులు వెయ్యి" అని అడిగేవాళ్లు నాకు ఆప్తులే. అయినా వెయ్యలేను. ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి 2,000. డబ్బు సంగతి సరే, ఆ బరువుతో బ్రేకు పట్టకపోతే ఎదురొచ్చేది ఎవరి పిల్లాడో!

తడి బొగ్గు గురించి కూడా అడుగుతున్నారు. దుమ్ము లేవకుండా చల్లిన నీళ్లకి మీరు బొగ్గు రేటు కడుతున్నారన్న బాధ నిజమే. కాటా చీటీతో పాటు లోడింగప్పుడు తీసిన శాంపిల్ సంచి సీలు వేసి పంపుతాం. తేమ మీరే పరీక్ష చేయించుకుని, సరుకు అమ్మినవాళ్లతో లెక్క తేల్చుకోండి.

కొత్త రేట్ల కాగితం ఈ వారంలో అందరికీ పంపుతాను. కట్టలేమనుకునేవాళ్లు వేరే లారీ మాట్లాడుకుంటే నాకేమీ కష్టం లేదు. ఆ లారీకి కూడా దగ్గరుండి పట్టా కప్పించండి.